తూనీగకు కొవ్వు పట్టేది మన చేల మీదే

సంపాదకులకు నమస్కారం.

మీ వ్యవసాయ పేజీలో వరి సుడిదోమ గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అందులో దోమ ఎలా ఉంటుందో ఒక వాక్యం ఉంది. మిగిలినదంతా మందుల పేర్లు, లీటరు నీటికి ఎంత కలపాలన్న లెక్కలు. ఆ లెక్కలు అక్కర్లేదని అనను. నేనూ వాటిని కత్తిరించి దాచుకుంటాను. కానీ ఆ పురుగు ఏం తిని బతుకుతుంది, తిన్నదాన్ని ఒంట్లో ఎక్కడ దాచుకుంటుంది, అదే చేను మీద దాన్ని తినే జీవాలేవి అన్న సంగతులు ఒక్క ముక్క కూడా లేవు. మందు ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు కొట్టకూడదో తేల్చుకోవాలంటే రైతుకు ముందు తెలియాల్సినవి ఇవే.

మాది మలికిపురం మండలం. గన్నవరం అక్విడక్ట్ దాటి వచ్చే కాలువ నీళ్లతో సార్వా, దాళ్వా రెండూ పండిస్తాం. సొంత చేను కొద్దిగా, మిగతాది కౌలు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు కాబట్టి నాట్ల దగ్గర నుంచి నూర్పుల దాకా నిర్ణయాలన్నీ నావే. పెళ్లికి ముందు నరసాపురంలో జువాలజీతో బీఎస్సీ చదివాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి రోజూ కాలేజీకి వెళ్లేదాన్ని. ఉద్యోగం చేయలేదు గానీ ఆ చదువు మీద ఇష్టం పోలేదు. ఇప్పటికీ దొరికినవి చదువుతూనే ఉంటాను.

ప్రాక్టికల్స్‌లో బొద్దింకను కోసేవాళ్లం. పొట్ట విప్పగానే తెల్లగా, వదులుగా, పీచుల్లా అంతటా పరుచుకున్న పదార్థం కనిపించేది. మాకు కావాల్సింది పేగులు, నాడులు. మార్కులు వాటికే. అందుకని ఆ తెల్లటిదాన్నంతా ఫోర్సెప్స్‌తో లాగి పక్కన పడేసేవాళ్లం. దాని పేరు ఫ్యాట్ బాడీ, కొవ్వు దేహం. పురుగు జీవితంలో సగం కథ అందులోనే ఉందని తర్వాత చదువుకుంటే తెలిసింది. మనకు కాలేయం చేసే పని, చర్మం కింద కొవ్వు చేసే పని, రెండూ పురుగుకు ఆ ఒక్క అవయవమే చేస్తుంది. తిన్నది మిగిలితే ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వుగా మార్చి, చిన్న చిన్న బొట్లుగా దాస్తుంది. గూడు కట్టుకుని తిండి మానేసిన ప్యూపా బతికేది, తిండి దొరకని రోజుల్లో పురుగు నెట్టుకొచ్చేది, గుడ్లలోకి బలం పోసేది ఆ నిల్వతోనే.

దాచడం సరే. దాన్ని వాడుకోవడం ఎలా అన్నది ఇంకా గొప్ప సంగతి. ఎగరడానికి రెక్కల కండరాలకు ఇంధనం కావాలి. కొవ్వు ఉన్నది పొట్టలో, కండరం ఉన్నది ఛాతీలో. పురుగు రక్తం నీళ్లతో నిండినది, కొవ్వు అందులో కరగదు. పైగా మనకున్నట్టు పురుగుకు రక్తనాళాల వల ఉండదు. రక్తం ఒళ్లంతా ఖాళీల్లో పారుతూ ఉంటుంది. మరి కొవ్వు ఎలా చేరుతుంది? 1964లో హరువో చినో అనే జపాన్ శాస్త్రవేత్త, గిల్బర్ట్ అనే మరో శాస్త్రవేత్త కలిసి పట్టుపురుగు జాతి చిమ్మటల మీద పనిచేసి, కొవ్వు దేహం నుంచి బయటికి వచ్చే కొవ్వు ప్రధానంగా డైగ్లిజరైడ్ అనే ఇంకో రూపంలో ఉంటుందని చూపించారు. దాన్ని మోసే ప్రొటీన్ రేణువే లైపోఫోరిన్.

లైపోఫోరిన్ గురించి చదివినప్పుడు నాకు మా పంటు కళ్లముందు మెదిలింది. పంటు ఈ ఒడ్డున మనుషుల్ని, మోటారు సైకిళ్లను ఎక్కించుకుంటుంది, నరసాపురం ఒడ్డున దించుతుంది, తిరిగొచ్చి మళ్లీ ఎక్కించుకుంటుంది. లైపోఫోరిన్ కూడా కొవ్వు దేహం దగ్గర డైగ్లిజరైడ్ ఎక్కించుకుని, రక్తంలో పోయి, రెక్కల కండరం దగ్గర దించి, తాను చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. మన రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువు సంగతి వేరు. అది మోసుకొచ్చిన కొలెస్ట్రాల్ కోసం కణం ఆ రేణువునంతటినీ లోపలికి లాక్కుని విడగొట్టేస్తుంది. ఆ సంగతులు కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరికి 1985లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గంటల తరబడి ఎగరాల్సిన పురుగు ప్రతి విడతకూ కొత్త ప్రొటీన్ తయారు చేసుకుంటూ కూర్చుంటే రెక్క ఆడదు. అందుకే ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. కొవ్వు ఎక్కువ ఎక్కించుకోవాల్సి వస్తే, రక్తంలో విడిగా తిరిగే చిన్న ప్రొటీన్లు కొన్ని వచ్చి ఆ రేణువుకు అతుక్కుంటాయి. పెరిగిన కొవ్వు నీటికి తగలకుండా అవి పైన కప్పుతాయి. సరుకు దిగగానే విడిపోతాయి. పొగాకు మీద పెరిగే పెద్ద చిమ్మటలోను, మిడతలోను ఇదంతా వివరంగా తేల్చారు.

కొవ్వును ఎప్పుడు వదలాలో కొవ్వు దేహానికి చెప్పేది ఒక హార్మోన్. పురుగు మెదడు వెనకాల రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. మిడత ఎగరడం మొదలుపెట్టిన కాసేపటికి అవి అడిపోకైనెటిక్ హార్మోన్‌ను వదులుతాయి. అలాంటి హార్మోన్ ఒకటి ఉందని 1969లో తెలిసింది. అది పది అమైనో ఆమ్లాల గొలుసు అని 1976లో తేల్చారు. ఎగిరిన మొదట్లో మిడత తన రక్తంలోని చక్కెరను, అంటే ట్రెహలోజ్‌ను వాడుతుంది. ఆ తర్వాత ఈ హార్మోన్ పనిచేసి కొవ్వు మీదికి మారుతుంది. అప్పుడు రక్తంలో కొవ్వు ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2020లో ఎడారి మిడతల దండు రాజస్థాన్ నుంచి మహారాష్ట్ర దాకా వచ్చినప్పుడు మన పత్రికలు, టీవీలు ఎన్ని రోజులు చూపించాయో గుర్తుండే ఉంటుంది. మా ఊళ్లోనూ ఇక్కడిదాకా వస్తాయేమోనని టెన్షన్ పడ్డారు. అవి రోజుకు వంద కిలోమీటర్లకు పైగా ఎగరగలవని అన్నిచోట్లా చెప్పారు. ఏం తగలబెట్టుకుని అంత దూరం ఎగురుతాయో చెప్పిన కథనం మాత్రం నా కంట పడలేదు.

అన్ని పురుగులూ కొవ్వుతో ఎగరవు. తేనెటీగ, ఈగ ఎగిరేది చక్కెరతో. అందుకే తేనెటీగ మాటిమాటికీ పువ్వుల దగ్గరికో పట్టుకో చేరాలి. ఆఫ్రికాలోని సెట్సీ ఈగ ఇంకో దారి పట్టింది. అది ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని కండరానికి పంపి వాడుకుంటుంది. వాడగా మిగిలిన అలనిన్ కొవ్వు దేహానికి తిరిగి పోతే, అక్కడి కొవ్వు సాయంతో అది మళ్లీ ప్రోలిన్ అవుతుంది. ఆ లెక్కన అక్కడా పని చేయించేది కొవ్వే. దూరం పోవాల్సిన జీవానికి కొవ్వును మించింది లేదు. గ్రాము పిండిపదార్థం నాలుగు కేలరీలిస్తే గ్రాము కొవ్వు తొమ్మిది ఇస్తుంది. పిండిపదార్థాన్ని ఒళ్లు దాచుకునే రూపమైన గ్లైకోజెన్ తనతో పాటు నీటిని కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి, మోయాల్సిన బరువును బట్టి చూస్తే తేడా ఇంకా చాలా ఎక్కువ. పైగా కొవ్వు మండితే నీరు పుడుతుంది. గ్రాము కొవ్వుకు గ్రాము పైచిలుకు నీరు. తాగడానికి మంచినీటి చుక్క దొరకని సముద్రం మీద ఇది చిన్న విషయం కాదు.

సముద్రం మాట ఊరికే ఎత్తలేదు. నా అసలు విషయం అదే.

వినాయక చవితి వెళ్లినప్పటి నుంచి దీపావళి దాకా మా చేల మీద తూనీగలు మబ్బులా తిరుగుతాయి. ఒళ్లు పసుపు, రెక్కలు పొడుగు, కాసేపైనా వాలవు. ఈ రకానికి శాస్త్రంలో పాంటాలా ఫ్లావెసెన్స్ అని పేరు. ఫాబ్రిషియస్ 1798లో పెట్టింది. బరువు దాదాపు 0.3 గ్రాములు. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త, నిలవ నీరే దాదాపు లేని ఆ దీవులకు ఏటా అక్టోబరులో లక్షల తూనీగలు ఎక్కడి నుంచి వస్తున్నాయా అని ఏళ్ల తరబడి గమనించారు. అవి భారతదేశం నుంచి సముద్రం దాటి వచ్చి, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికాకు పోతాయని, తర్వాతి తరాలు నైరుతి గాలులతో ఇటు తిరిగి వస్తాయని 2009లో రాశారు. మొత్తం చుట్టు 14 వేల నుంచి 18 వేల కిలోమీటర్లు. మాల్దీవుల్లో పట్టిన తూనీగల రెక్కల్లోని హైడ్రోజన్ ఐసోటోపులను, అంటే బరువులో తేడా ఉన్న హైడ్రోజన్ రకాలను పరీక్షిస్తే, అవి పెరిగిన నీళ్లు ఆ దీవులవి కావని, ఉత్తర భారతం వైపువని 2012లో తేలింది. అంటే అవి దేశం పొడుగునా తింటూ, కొవ్వు పెంచుకుంటూ దక్షిణానికి దిగుతున్నాయి. ఆ దారిలో వాటికి తిండి పెట్టేవి వానల తర్వాత నీళ్లు నిలిచి, చిన్న పురుగులు గాలిలోకి లేచే మనలాంటి చోట్లు.

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2021లో ఈ తూనీగ ఒంట్లో పట్టే ఇంధనం లెక్క వేశారు. ఆ ఫలితం చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఆపకుండా రెక్కలు కొడుతూ పోతే ఆ నిల్వ సుమారు 4 గంటలకే అయిపోతుంది. రెక్కలు చాచి గాలిలో తేలడం, అవసరమైనప్పుడు కొట్టడం, రెండూ కలిపితే 230 నుంచి 286 గంటలు గాలిలో ఉండగలదు. అయినా అనుకూల గాలి తోడు లేకుండా హిందూ మహాసముద్రం దాటడం కష్టమని వాళ్లు తేల్చారు. తిండి కొంచెం తగ్గి బయల్దేరిన తూనీగకు గాలి కాస్త ఎదురైతే కింద వాలడానికి చోటుండదు. అంతర్వేది బీచ్‌లో నిలబడి చూస్తే నేల అంచు దాకా ఎగిరి వెనక్కి తిరిగి చేల మీదికి వచ్చే గుంపులు కనిపిస్తాయి. వాటికి ఇంకా తిండి కావాలి. ఇక్కడ మన పైరు మీద లేచే కుట్టే దోమలు, చిన్న ఈగలు, ఎగిరే సుడిదోమలు తింటేనే ఆ కొవ్వు దేహం నిండుతుంది. మిడతలో కనిపెట్టిన హార్మోన్ల కుటుంబానికి చెందినదే తూనీగల్లోనూ ఉంది.

సరిగ్గా అదే రోజుల్లో మా వరి పొట్ట మీదో, ఈనికలోనో, పాలు పోసుకునే దశలోనో ఉంటుంది. మందులు ఎక్కువగా కొట్టేదీ అప్పుడే.

మా దగ్గర ఇప్పటికీ స్వర్ణ వేసేవాళ్లున్నారు. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఆ ఎంటీయూ 7029 ఎంత అన్నం పెట్టిందో చెప్పనక్కర్లేదు, కానీ దానికి సుడిదోమను తట్టుకునే గుణం లేదు. దోమ పడితే చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోతుంది. ఆ భయం నాకు తెలుసు. కౌలు కట్టాల్సిన చేనులో సుడి కనిపిస్తే రాత్రి నిద్ర పట్టదు. అందుకే దోమ ఉన్నా లేకపోయినా, పక్క చేను వాళ్లు కొట్టారని, షాపులో రెండు మూడు మందులు కలిపి ఇచ్చారని ముందుగానే కొట్టేస్తారు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాక ఆ పని నిమిషాల్లో అయిపోతోంది. చేలో దిగి దుబ్బు విడదీసి చూసేవాళ్లు తగ్గిపోయారు.

ఈ సుడిదోమ ఒంట్లో కూడా కొవ్వు దేహమే కీలకం. వరి రసంలో చక్కెర తప్ప పెద్దగా పోషకం లేదు. అది దోమకు ఎలా సరిపోతుందంటే, దాని కొవ్వు దేహం కణాల్లో ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. రసంలో లేని అమైనో ఆమ్లాలను, పురుగులేవీ సొంతంగా తయారు చేసుకోలేని స్టెరాల్ అనే కొలెస్ట్రాల్ జాతి పదార్థాన్ని అవి తయారు చేసి ఇస్తాయి. తల్లి నుంచి గుడ్డులోకి అవి కూడా చేరతాయి. పొట్టి రెక్కల ఆడదోమ ఉన్నచోటే ఉండి గుడ్లు పెడుతుంది. గుంపు కిక్కిరిసి చేను పండుబారేకొద్దీ పొడుగు రెక్కలవి ఎక్కువై కొత్త చేలకు ఎగిరిపోతాయి. అలా ఎగిరే దోమలను గాలిలో పట్టగలిగేవాటిలో తూనీగ ఒకటి. దుబ్బుల మధ్య సన్నగా తిరిగే సూది తూనీగలు, సాలీళ్లు, దోమ గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు కింద పని చేస్తాయి. తూనీగ పిల్లలు పెరిగేది కూడా మన చేల నీళ్లలోనే. కుట్టే దోమల లార్వాలను తింటూ, నెలన్నర రెండు నెలల్లో రెక్కలు తెచ్చుకుంటాయి.

సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు వరిలో కొడితే సుడిదోమ తగ్గకపోగా విజృంభిస్తుందని శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. దాన్ని తినేవన్నీ ముందు చనిపోతాయి కాబట్టి. అయినా షాపు కలయికల్లో అవి వస్తూనే ఉన్నాయి. ఆ మందులు కొవ్వులో కరిగే రకం. లైపోఫోరిన్ మోసేది డైగ్లిజరైడ్ ఒక్కటే కాదు. చర్మం మీద మైనపు పొర కోసం హైడ్రోకార్బన్లు, మొక్కల నుంచి వచ్చిన పసుపు రంగు కెరోటినాయిడ్లు, పురుగు ఎదుగుదలను నడిపే జువెనైల్ హార్మోన్ కూడా అదే తీసుకుపోతుంది. పురుగు మందులు కూడా దానికి అతుక్కుంటాయని శనగపచ్చ పురుగుకు దగ్గరి బంధువైన ఒక పురుగులో 1986లోనే చూపించారు. ఇంధనం ఎక్కే రేవులోనే విషమూ ఎక్కుతోంది. డీడీటీని మన దేశంలో వ్యవసాయంలో 1989లో నిషేధించింది కూడా, అది జీవుల కొవ్వులో చేరి ఏళ్ల తరబడి పోకుండా ఉంటుందనే. అలాంటి కథ ఇంకో రూపంలో నడుస్తుంటే మన వ్యవసాయ పేజీ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంది.

నేను మందు అసలు కొట్టనని చెప్పడం లేదు. దుబ్బులు విదిలించి చూసి, దోమ హద్దు దాటితే దోమకే పనిచేసే మందు, మొదళ్లు తడిసేలా, ఉదయమో సాయంత్రమో కొట్టిస్తాను. నాట్లప్పుడు రెండేసి మీటర్లకు కాలిబాటలు తీయిస్తాను. యూరియా ఒక్కసారిగా వేయను. నీళ్లు మధ్యమధ్యలో తీసి ఆరగడతాను. మా మరిది మొదట్లో ‘వదినా, పక్కోళ్లందరూ కొట్టేశారు, మనదొక్కటే ఉండిపోయింది’ అని ఆదుర్దా పడేవాడు. ఇప్పుడు దుబ్బు విదిలించి లెక్కపెట్టేది అతనే. చెట్టు కింద కూర్చుని పై గాలిలో తూనీగలు ఎన్ని తిరుగుతున్నాయో కూడా చూస్తాడు. అవి బాగా ఉన్న సాయంత్రం మందు మాట వాయిదా వేస్తాం.

నేను అడిగేది ఇదీ. మీ పత్రికలో తెగుళ్ల మీద వచ్చే ప్రతి వ్యాసంలోనూ మందుల పట్టికకు ముందు ఆ పురుగు బతుకు గురించి రెండు పేరాలు రాయించండి. మార్టేరు శాస్త్రవేత్తలు మనకు దగ్గరే ఉన్నారు. వాళ్లను అడిగితే సుడిదోమ కొవ్వు దేహం గురించి నాకంటే బాగా రాస్తారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ‘ముందు జాగ్రత్తగా పిచికారీ చేయండి’ అనే మాట ఆ పేజీలో రాకుండా చూడండి. దాని బదులు దుబ్బు ఎలా విడదీసి చూడాలో, ఎన్ని దోమలు దాటితే మందు అవసరమో బొమ్మతో వేయండి. అక్షరం చదవలేనివాళ్లు కూడా బొమ్మ చూసి అర్థం చేసుకుంటారు, మా అత్తయ్య అలాగే నేర్చుకుంది. జిల్లా ఎడిషన్‌లో ఒక మూల తూనీగలు ఏ ఊళ్లో ఏ తేదీన కనిపించాయో పాఠకులు పంపితే వేయండి. సముద్రం ఒడ్డునున్న అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు పిల్లలు, జాలర్లు రోజూ చూస్తూనే ఉంటారు. మీరు ఆ చోటు ఇస్తే మా ఊరి లెక్క ప్రతి వారం పంపే పని నాది.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
మలికిపురం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.